కారు దీపమూ, ఎదుటివారి కన్నూ

పగటిపూట నగరికి గుర్తు కొండ. ముక్కులా ముందుకు పొడుచుకొని వచ్చిన ఆ శిఖరం చాలా దూరం నుంచి కనబడుతుంది. వెనుకటి రోజుల్లో బంగాళాఖాతంలో ఓడలు నడిపేవారు కూడా ఈ ‘నగరి ముక్కు’ను చూసి తీరాన్ని గుర్తుపట్టేవారు. కాని రాత్రి అయిందంటే కొండ కనబడదు. అప్పుడు నగరికి గుర్తు దీపాలే. మరమగ్గాల షెడ్లలో వెలిగే దీపాలు కొన్ని. తిరుత్తణి వైపు నుంచి పుత్తూరు, తిరుపతి వైపు బారులు తీరి పరుగెత్తే వాహనాల దీపాలు కొన్ని.

మీరు ఎప్పుడైనా రాత్రిపూట ఆ రోడ్డు పక్కన నిలబడి గమనించారా? కొన్ని కార్లు వస్తే రోడ్డు చక్కగా కనబడుతుంది. మన కళ్ళకు ఇబ్బంది ఉండదు. కొన్ని కార్లు వస్తే మాత్రం చేయి అడ్డం పెట్టుకోవలసి వస్తుంది. కారు వెళ్ళిపోయిన తరువాత కూడా కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. ‘లైటు డిమ్ము చేయన్నా!’ అని అరిచినా ఎవరికి వినబడుతుంది?

ఈ రెండు కార్లకూ తేడా ఏమిటి? రెండవ కారు దీపంలో కాంతి ఎక్కువగా ఉందనుకొంటున్నారా? అలా ఉండాలని ఏమీ లేదు. బహుశా అందులో కాంతి చోటు తప్పి ఉంటుంది. ఈనాడు చాలామంది తమ పాత కారు దీపాలు తీసివేసి ‘ప్రొజెక్టరు’ దీపాలు, ఎల్‌ఇడి బల్బులు, రంగుల వలయాలు పెట్టించుకొంటున్నారు. వారి కోరిక తప్పు కాదు. దారి బాగా కనబడాలనే కదా! కాని దీపం మార్చడమంటే బల్బు మార్చడం కాదు. అదెందుకో తెలియాలంటే ముందు దీపం లోపలికి తొంగి చూడాలి.

గిన్నెలో దాగిన గణితం

కారు దీపంలో బల్బు వెనుక తళతళలాడే గిన్నె ఒకటి ఉంటుంది. దాని ఆకారం పరావలయం. మీ గణితంలో వచ్చే వక్రరేఖే ఇది. పరావలయానికి ఒక గొప్ప గుణం ఉంది. దాని నాభి వద్ద వెలుగు పెడితే, అన్ని వైపులకూ పోయే కిరణాలు గిన్నెకు తగిలి, పరావర్తనం చెంది, సమాంతరంగా ముందుకు సాగుతాయి. అంటే చెల్లాచెదరుగా పోవలసిన కాంతి ఒక కట్టగా మారి దూరం పోతుంది.

ఇది దూరపు వెలుగు, అంటే ‘హైబీము’. ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఇది మంచిదే. ఎవరైనా వస్తుంటే? కాంతిని కిందికి వంచాలి. ఇందుకోసం ఇంజనీర్లు ఒక చక్కని ఉపాయం పన్నారు. 1971లో వచ్చిన ‘హెచ్4’ అనే హాలోజెన్ బల్బును తీసుకోండి. ఇప్పటికీ మన దేశంలో ఎన్నో కార్లలో ఇదే ఉంది. ఇందులో రెండు తంతువులు ఉంటాయి. ఒకటి నాభి వద్ద ఉంటుంది. రెండవది నాభికి కాస్త ముందు ఉంటుంది. దాని కింద చిన్న లోహపు దొన్నె ఉంటుంది. ఈ రెండవ తంతువు వెలిగితే కాంతి కిందికి పోకుండా దొన్నె ఆపుతుంది. పైకి పోయిన కాంతి గిన్నె పైసగానికి మాత్రమే తగులుతుంది. తంతువు నాభికి ముందు ఉండటం వల్ల ఆ కిరణాలు సమాంతరంగా పోక కిందికి వంగుతాయి. అదే ‘డిమ్ము’.

చూశారా! డిమ్ము అంటే కాంతి తగ్గించడం కాదు. కాంతిని తగిన చోటికి పంపడం. ఇదంతా తంతువు కొద్ది మిల్లీమీటర్లు ముందుకు జరగడం మీద ఆధారపడి ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాతి కథకు ఇదే కీలకం.

బల్బు మారితే ఏమవుతుంది?

పాత బల్బు తీసివేసి, అదే గూటిలో ఎల్‌ఇడి బల్బు పెట్టారనుకోండి. తంతువు సన్నని స్ప్రింగులా ఉండి అన్ని దిక్కులకూ కాంతినిస్తుంది. ఎల్‌ఇడి అలా కాదు. ఒక పలకకు రెండు వైపులా అతికించిన చదునైన ముక్కల నుంచి కాంతి వస్తుంది. గిన్నెను తంతువు కోసం లెక్కగట్టి చేశారు. కొత్త బల్బులో వెలుగు పుట్టే చోటు కొంచెం తేడాగా ఉన్నా, కొంత కాంతి రోడ్డు మీద పడవలసినది ఎదుటివారి కళ్ళలో పడుతుంది. అంతే కాదు, రోడ్డు మీద అక్కడక్కడ చీకటి మచ్చలు ఏర్పడతాయి. కారు ముందు నేల తెల్లగా మెరుస్తుంది గనుక డ్రైవరుకు ‘వెలుగు పెరిగింది’ అనిపిస్తుంది. దూరాన మాత్రం అంతకు ముందు కనబడినంత కూడా కనబడకపోవచ్చు.

కొందరు 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది పెడతారు. దాని లెక్క మీరే చేయవచ్చు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 వాట్ల బల్బు 5 ఆంపియర్ల విద్యుత్తు తీసుకొంటుంది. 100 వాట్లది 8.3 ఆంపియర్లు తీసుకొంటుంది. తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని చదివారు కదా! 5 వర్గం 25, 8.3 వర్గం సుమారు 69. అంటే అదే తీగలో వేడి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. తీగ పైతొడుగు కరుగుతుంది, స్విచ్చి కాలుతుంది, ఒక్కొక్కసారి నిప్పు అంటుకొంటుంది.

ప్రొజెక్టరు ఎలా పనిచేస్తుంది?

ప్రొజెక్టరులో గిన్నె పరావలయం కాదు. దీర్ఘవృత్తానికి దగ్గరి ఆకారం. దీర్ఘవృత్తానికి రెండు నాభులు ఉంటాయి. ఒక నాభి వద్ద బల్బు పెడితే పరావర్తనం చెందిన కాంతి అంతా రెండవ నాభి వద్దకు చేరుతుంది. అక్కడ ఒక రేకు అడ్డం పెడతారు. రేకు ముందు కుంభాకార కటకం ఉంటుంది. ఆ కటకం రేకు అంచును తలకిందులు చేసి రోడ్డు మీదికి పంపుతుంది. రేకు కిందిభాగపు కాంతిని ఆపితే, రోడ్డు మీద పైభాగం చీకటి అవుతుంది. అందుకే మంచి ప్రొజెక్టరు వెలుగు గోడ మీద పడితే కత్తితో కోసినట్లు ఒక గీత కనబడుతుంది. గీత కింద వెలుగు, గీత పైన చీకటి. ఎదుటివారి కళ్ళు ఆ చీకటిలో క్షేమంగా ఉంటాయి.

దీన్ని మీ పాఠశాలలోనే చేసి చూడవచ్చు. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం గల కుంభాకార కటకం, టార్చిలైటు, ఒక అట్టముక్క తీసుకోండి. గదిని చీకటి చేయండి. గోడకు 2 మీటర్ల దూరంలో కటకం నిలబెట్టండి. కటకం వెనుక పదిన్నర సెంటీమీటర్ల దూరంలో అట్టను నిలబెట్టి, టార్చి కాంతిలో కిందిసగం ఆగేటట్లు చేయండి. గోడ మీద ఏ సగం చీకటి అయింది? పైసగం! అట్టను కొద్దిగా ముందుకు, వెనుకకు జరపండి. గీత మసకబారుతుంది. కారు దీపంలో కూడా ఇంతే. మిల్లీమీటర్ల తేడాతో గీత చెదురుతుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాము. అందుకని మన డిమ్ము వెలుగులో గీత ఎడమవైపున కాస్త పైకి లేస్తుంది. ఆ వైపు నడిచిపోయే మనిషి, సైకిలు, చెరకు ట్రాక్టరు ముందుగా కనబడాలని ఈ ఏర్పాటు. కుడిపక్కన నడిపే దేశాల కోసం చేసిన ప్రొజెక్టరులో గీత కుడివైపున లేస్తుంది. తెలియక అలాంటిది కొని మన కారులో బిగిస్తే ఏమవుతుంది? ఎంత జాగ్రత్తగా బిగించినా, లేచిన ఆ వెలుగు నేరుగా ఎదుటి డ్రైవరు కళ్ళలోకే పోతుంది.

ప్రొజెక్టరు బిగించాలంటే పాత దీపాన్ని వేడిచేసి, జిగురు మెత్తబడిన తరువాత ముందరి అద్దం ఊడదీస్తారు. లోపల ప్రొజెక్టరు అమర్చి మళ్ళీ అతికిస్తారు. అతుకు సరిగా పడకపోతే వానాకాలంలో తేమ చేరి అద్దం లోపల మంచులా పట్టుకొంటుంది. నీటి బొట్టు ప్రతిదీ ఒక చిన్న కటకమే! అప్పుడిక కత్తితో కోసినట్లున్న గీత ఎక్కడ నిలుస్తుంది?

ఒక్క డిగ్రీ విలువ

నగరి మీదుగా తిరుమలకు పోయే కారును ఊహించుకోండి. ఇంటిల్లిపాదీ ఎక్కారు, డిక్కీ నిండా సామాను. బరువుకు కారు వెనుకభాగం 5 సెంటీమీటర్లు కుంగింది. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు. అంటే కారు ముక్కు నూటికి రెండు వంతుల వాలుతో పైకి లేచింది. ఇది ఒక డిగ్రీ కంటే కాస్త ఎక్కువ, అంతే.

దీపం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకొందాం. ఖాళీ కారులో వెలుగు గీత నూటికి ఒక వంతు కిందికి వంగి ఉంటే, 50 మీటర్ల దూరంలో దాని ఎత్తు 15 సెంటీమీటర్లు. బరువెక్కిన కారులో అదే గీత నూటికి ఒక వంతు పైకి లేస్తుంది. 50 మీటర్ల దూరంలో ఎత్తు ఎంత? 65కు 50 కలపండి: 115 సెంటీమీటర్లు. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కన్ను ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది! ఇందుకే చాలా కార్లలో దీపాల ఎత్తు దించడానికి స్టీరింగు దగ్గర చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పేవారు ఎందరు?

కన్ను కోలుకోవడానికి ఎంతసేపు?

చీకటిలో మన కంటికి సాయపడేవి రెటీనాలోని దండకణాలు. వాటిలో రోడాప్సిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. దాని తయారీకి విటమిన్ ఎ కావాలి. తీవ్రమైన కాంతి పడితే రోడాప్సిన్ విడిపోతుంది. మళ్ళీ కూడటానికి సమయం పడుతుంది. కంటిపాప కూడా వెలుగుకు చటుక్కున ముడుచుకొంటుంది కాని, చీకటికి నెమ్మదిగా విచ్చుకొంటుంది. చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16.7 మీటర్లు సాగుతుంది. డ్రైవరుకు మూడు సెకనులు కళ్ళు కనబడలేదనుకోండి. బండి 50 మీటర్లు గుడ్డిగా పోయిందన్నమాట! ఆ 50 మీటర్లలో పాదయాత్రగా కొండకు పోయే భక్తులు ఉండవచ్చు. రాత్రి షిఫ్టు ముగించి ఇంటికి నడిచిపోయే మగ్గం కార్మికుడు ఉండవచ్చు. వెనుక దీపం లేని చెరకు ట్రాక్టరు ఉండవచ్చు. కళ్ళు చెదరగొట్టిన కారు మాత్రం అప్పటికే దూరం వెళ్ళిపోయి ఉంటుంది. వెనుక ఏమి జరిగిందో దానికి తెలియదు.

చట్టం ఏమంటున్నది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో ఒక చక్కని కొలత ఉంది. దీపానికి ముందు 8 మీటర్ల దూరంలో, కుడివైపుకు అర మీటరు ఎడంగా, నేలకు మీటరున్నర ఎత్తున కన్ను ఉన్న మనిషికి ఆ కాంతి మిరుమిట్లు గొలపకూడదు. మీటరున్నర అంటే నిలబడి ఉన్న మీ కంటి ఎత్తుకు ఇంచుమించు సమానమే!

బండి ముందుభాగాన ఎర్రదీపం చూపరాదని కూడా నియమం ఉంది. కొందరు ప్రొజెక్టరు లోపల ఎర్రగా వెలిగే అలంకారం పెట్టిస్తారు. చీకటిలో ఎర్రదీపం కనబడితే ‘ఆ బండి నాకు ముందు పోతున్నది’ అనుకొంటాము. అది ఎదురుగా వస్తున్న బండి అయితే? ఇక ఆలోచించుకోండి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది.

మరి వెలుగు పెరిగేదెలా?

చట్టం దాటకుండానే చేయదగినవి ఎన్నో ఉన్నాయి. ఈ కాలపు దీపాల ముందరి పలక గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్కు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పసుపు పచ్చగా మసకబారుతుంది. దాన్ని సానపట్టించి మెరుగుపెడితే చాలు, పోయిన వెలుగు చాలావరకు తిరిగి వస్తుంది. మురికిపట్టిన తీగల కొసలు శుభ్రం చేసి బిగిస్తే బల్బుకు పూర్తి వోల్టేజి అందుతుంది. ముందరి అద్దాన్ని లోపలివైపు కూడా తుడవాలి.

అన్నిటికంటే ముఖ్యం గోడ పరీక్ష. మీ ఇంట్లోగాని పక్కింట్లోగాని కారు ఉంటే పెద్దవారితో చేయించండి. చదునైన నేల మీద, గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలబెట్టండి. నేల నుంచి దీపం మధ్యభాగానికి ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దముక్కతో గీత గీయండి. డిమ్ము వేస్తే వెలుగు అంచు ఆ గీతకు సుమారు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. పైన ఉంటే మెకానిక్కుకు చూపించండి. ఒక స్క్రూ తిప్పితే సరిపోతుంది.

ఈసారి నగరి రోడ్డు మీద చక్కగా డిమ్ము చేసిన కారు ఎదురైతే, దాని వెలుగు మీ కాళ్ళ ముందు నేలను తాకుతూ పోవడం గమనించండి. ఆ డ్రైవరుకు మీరు కనబడ్డారు. మీకు దారీ కనబడింది. మంచి దీపానికి ఇంతకంటే వేరే గుర్తు అక్కరలేదు.