పగడానికి ఒళ్లు రుద్దుకునే డాల్ఫిన్లు

కుక్క గరిక నమలడం ఎలవూరులో ఏ పిల్లవాడిని అడిగినా చూశానంటాడు. కడుపు బాగోలేక తింటోందని ఇంట్లో పెద్దలు చెబుతారు. మరి సముద్రంలోని జంతువులు ఏం చేస్తాయి? పళవేర్కాడు మనకు దగ్గరే కనుక ఈ ప్రశ్న మన బడుల్లో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

జవాబు కోసం ఎర్రసముద్రం దాకా వెళ్లాలి. ఈజిప్టు తీరంలో డాల్ఫిన్లు పగడాలకు ఒళ్లు రుద్దుకోవడం స్విట్జర్లాండు పరిశోధకురాలు ఏంజెలా జిల్టెనర్ 2009లో గమనించారు. కనిపించిన ప్రతి పగడానికీ కాదు, ఎంచుకున్న కొన్ని రకాలకే. రేషన్ షాపు ముందు మనం నిలబడినట్టు ఒకదాని వెనక ఒకటి వరుస కడతాయి (తోపులాట ఉండదు కాబోలు!). కొమ్మల్లా మెత్తగా పెరిగే పగడం మధ్యకు ఒళ్లంతా దూర్చి జారతాయి. తోలులా గట్టిగా ఉండేదానికైతే తల, పొట్ట, తోక మాత్రమే ఆనిస్తాయి. ఏడాది నిండని పిల్లలు ఎక్కువగా పక్కనుండి చూస్తుంటాయి.

పగడం రాయి కాదు, చెట్టూ కాదు. చిన్న చిన్న జీవుల ఉమ్మడి కాపురం. రాపిడి తగిలితే అవి జిగట ద్రవం వదులుతాయి. జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో గెర్ట్రూడ్ మోర్లాక్ బృందం ఆ పగడాలను, ఒక స్పాంజి జీవిని పరీక్షించి 17 చురుకైన పదార్థాలను గుర్తించింది. కొన్నిటికి బాక్టీరియాను అడ్డుకునే గుణం ఉంది. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి.

ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఇక్కడ కాస్త ఆగాలి. రుద్దుకోవడం కళ్లారా చూసినది. పదార్థాల గుణం ప్రయోగశాలలో తేలినది. దానివల్ల డాల్ఫిన్ల చర్మరోగం తగ్గుతుందన్నది ఇంకా ఊహే. శాస్త్రవేత్తలు కూడా 'కావచ్చు' అనే అన్నారు. 'డాల్ఫిన్లు వైద్యం చేసుకుంటాయి' అని బోర్డు మీద రాసేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. 'చూశాం', 'తేలింది', 'అనుకుంటున్నాం' అన్న మాటలు మూడో తరగతి పిల్లలకూ తెలుసు. తెలుగులో చదివితే సైన్సు రాదేమోనని దిగులుపడి బడి మార్చాలనుకునే తల్లిదండ్రులు ఒకసారి ఈ పాఠాన్ని పిల్లల చేత చెప్పించుకుని వినాలి.

ఇంకొక మాట. ఆ కొమ్మల పగడానికి బంధువులైన సముద్రపు విసనకర్రలు మన రాష్ట్రంలో మన్నార్ సింధుశాఖలో పెరుగుతాయి. మందు గుణమని వినగానే ఒక ముక్క దొరుకుతుందా అని అడిగేవాళ్లుంటారు. 2001లో వాటిని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఏరి అమ్మడం నేరం.