ర్యాంక్ పక్కన పెడితే గేమ్‌లో మజా మళ్ళీ ఎలా వస్తుంది?

ఈ రోజు టాపిక్ సెన్సిటివిటీ సెట్టింగ్స్ కాదు, కొత్త స్కిన్స్ కూడా కాదు. మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, బీజీఎంఐ ఇదివరకు భలే ఉండేది. ఇప్పుడు ఆడుతుంటే చిరాకొస్తోంది. వేరే గేమ్‌కి మారిపోనా?" నేను చెప్పేది ఒక్కటే. గేమ్ మార్చే ముందు, మీరు ఆడే పద్ధతి మార్చి చూడండి. ఎందుకో చెప్తాను.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఎరాంగెల్ మ్యాప్‌లో 100 మంది దిగుతారు. స్క్వాడ్ మోడ్ అయితే నలుగురు చొప్పున 25 టీమ్‌లు. చికెన్ డిన్నర్ మాత్రం ఒక్క టీమ్‌కే. అందరూ సమానంగా ఆడతారనుకుంటే 100 మ్యాచ్‌లలో మీ వాటా 4 గెలుపులు. మిగతా 96 మ్యాచ్‌లు పోయినట్టే. లాబీలో బాట్స్ కూడా ఉంటాయి కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, అది వేరే సంగతి. కానీ మనలాంటి మామూలు ప్లేయర్లకి ఓడే మ్యాచ్‌లే ఎక్కువ. అలాంటప్పుడు "గెలిస్తేనే మజా" అని ఫిక్స్ అయిపోతే, వందలో తొంభై సార్లకు పైగా మొహం మాడ్చుకుని ఫోన్ పక్కన పెట్టాల్సిందే కదా!

"గెలుపు లేకపోయినా టియర్ పెరుగుతుంది కదా అన్నా" అంటారు. పెరుగుతుంది. ప్లాటినం, డైమండ్, క్రౌన్, ఏస్... ఎక్కుతూ పోతాం. సీజన్ మారగానే కిందికి దించేస్తారు. వైకుంఠపాళిలో పాము నోట్లో పడ్డట్టే. మళ్ళీ మొదలు.

ఇక్కడ మీకో పాత ప్రయోగం చెప్పాలి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు నర్సరీ పిల్లల మీద చేశారు. అందరూ బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలే. కొంతమందికి "బొమ్మ వేస్తే గుడ్ ప్లేయర్ అవార్డ్ ఇస్తాం" అని ముందే చెప్పి, అలాగే ఇచ్చారు. కొంతమందికి ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత ఖాళీ టైంలో ఎవరు బొమ్మలు వేస్తున్నారా అని చూస్తే, అవార్డ్ కోసం వేసినవాళ్ళు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం టైమే బొమ్మల దగ్గర గడిపారు. ఇష్టంగా చేసే పని, బహుమతి కోసం చేసే పని అయిపోయింది. అవార్డ్ పేరు మళ్ళీ గమనించండి, గుడ్ ప్లేయర్! మన టియర్ బ్యాడ్జ్‌కి అచ్చంగా సరిపోయే పేరు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రోజుల్లో కూడా ఇదే చూశాను. ఎన్ని టికెట్లు క్లోజ్ చేశావని కొలిస్తే, అందరూ చిన్న చిన్న టికెట్లే ఎగబడి తీసుకుంటారు. దేన్ని కొలుస్తామో దాని వెనకే పరిగెడతాం.

మా స్క్వాడ్ సంగతి చెప్తాను. బీటెక్‌లో ఒకే హాస్టల్ రూమ్‌లో ఉన్న నలుగురం. ఉద్యోగాలొచ్చాక ఒకడు బెంగళూరు, ఒకడు పుణె, ఒకడు వైజాగ్, నేను హైదరాబాద్. రాత్రి పదయ్యాక కలుసుకునేది గేమ్‌లోనే. ఒక సీజన్‌లో ఏస్ కొట్టాలని ర్యాంక్ పుష్ మొదలైంది. అంతే, మైక్‌లో కబుర్లు పోయాయి. "ఎందుకు రష్ చేశావ్ రా", "కవర్ ఎవడిస్తాడు", "మైనస్ పడింది చూడు". ఒక రాత్రి వైజాగ్ వాడు మెల్లగా అన్నాడు: "మీరు ముగ్గురూ ఆడుకోండి రా. నేనొస్తే మీకు పాయింట్లు పోతున్నాయి." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పాయింట్లు పోతే వచ్చే సీజన్‌లో వస్తాయి. వాడు పోతే?

అప్పటి నుంచి నాలుగు మార్పులు చేశాం. మీరూ ట్రై చేయొచ్చు.

మొదటిది, రోల్ మార్చడం. వైజాగ్ వాడికి ఎయిమ్ వీక్, కానీ మ్యాప్ మీద మంచి పట్టు ఉంది. వాడిప్పుడు మా డాక్టర్. బ్యాగ్‌లో బుల్లెట్లు తగ్గించి స్మోక్ గ్రెనేడ్లు నింపుకుంటాడు. నాక్ అయినవాణ్ణి రివైవ్ చేయడానికి దాదాపు 10 సెకన్లు కదలకుండా ఉండాలి. ఆ 10 సెకన్లు పొగ వేసి కాపాడటం కూడా ఫైటే. మ్యాచ్‌కి ఇద్దర్ని లేపాలి, అదే వాడి టార్గెట్. మేం 18వ ప్లేస్‌లో పోయినా వాడి ఆట గెలిచినట్టే.

రెండోది, గన్ మార్చడం. ఎం416 దొరికితే అందరం కళ్ళు మూసుకుని అదే తీసుకుంటాం. ఒక వారం కార్98 పట్టుకోండి. ఒక్కో బుల్లెట్ తర్వాత బోల్ట్ లాగాలి, కాబట్టి కాల్చే ముందు ఎక్కడ నిలబడాలో ఆలోచించి తీరాలి. తెలిసిన మ్యాపే కొత్తగా కనిపిస్తుంది.

మూడోది, మ్యాప్ మార్చడం. ఎరాంగెల్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. లివిక్ రెండు బై రెండు. అక్కడ 52 మందే, 15 నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుంది. పొద్దున్నే కాలేజో ఆఫీసో ఉన్నవాళ్ళకి నిద్రా మిగులుతుంది.

నాలుగోది, టీడీఎం. నలుగురికి నలుగురు, ముందు 40 కిల్స్ చేసిన టీమ్ గెలుస్తుంది. చచ్చినా వెంటనే మళ్ళీ దిగుతాం. చావుకి ఖర్చు లేదు కాబట్టి కొత్త గన్, కొత్త రష్ అన్నీ ఇక్కడ భయం లేకుండా నేర్చుకోవచ్చు.

మరి ఎవరికి ఏది సూటవుతుంది? 1996లో రిచర్డ్ బార్టిల్ అనే గేమ్ డిజైనర్ ఒక వ్యాసంలో ప్లేయర్లని నాలుగు రకాలుగా చెప్పాడు. పాయింట్ల కోసం ఆడే అచీవర్, కొత్తవి వెతికే ఎక్స్‌ప్లోరర్, మనుషుల కోసం వచ్చే సోషలైజర్, ఎదుటివాణ్ణి ఓడించడమే కావాలనే కిల్లర్. టియర్ సిస్టమ్ మనందరినీ అచీవర్ సీట్లోకి నెడుతుంది. మీరు అసలు ఏ సీటు కోసం వచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఒక జాగ్రత్త. ఇవన్నీ స్క్వాడ్‌కి ముందే చెప్పి చేయండి. ర్యాంక్ కోసం సీరియస్‌గా ఆడుతున్న రాండమ్ టీమ్‌మేట్స్ మీద ప్రయోగాలు చేస్తే వాళ్ళ ఆట పాడవుతుంది. ఇంకోటి, ఇవన్నీ చేశాక కూడా చిరాకే మిగిలితే మొహమాటం లేకుండా గేమ్ ఆపేయండి. అది ఆట, ఈఎంఐ కాదు కదా, నెలనెలా కట్టి తీరడానికి.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మ్యాచ్ స్టార్ట్ అయ్యే ముందు, చికెన్ డిన్నర్ కాకుండా మీ చేతిలో ఉన్న టార్గెట్ ఒకటి పైకి చెప్పండి. మ్యాచ్ అయ్యాక ముందు దాన్ని చూసుకోండి, టియర్ సంగతి తర్వాత. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!