దారి చూపించి తప్పుకునే హబ్

వీపీఎన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఫోన్‌లో వేసుకునే యాప్. కంపెనీల్లో దాని పని వేరు. వేర్వేరు ఊళ్లలో ఉన్న ఆఫీసులను మామూలు ఇంటర్నెట్ మీదుగానే ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలపాలి. రెండు ఆఫీసులైతే ఒక టన్నెల్ వేస్తే సరిపోతుంది. ఇరవై అయితేనే అసలు కథ మొదలవుతుంది.

ప్రతి ఆఫీసునీ ప్రతి ఆఫీసుతో నేరుగా కలపాలంటే, ఇంటర్‌లో చేసిన షేక్‌హ్యాండ్ల లెక్కే: 20 చోట్లకు 190 టన్నెల్స్. ఇంకో ఆఫీసు తెరిస్తే పాత 20 రూటర్లలోనూ కాన్ఫిగరేషన్ మార్చాలి. పోనీ, అన్నిటినీ హైదరాబాద్ హెడ్డాఫీసుకే కలిపామనుకోండి, 19 టన్నెల్స్ చాలు. కానీ శ్రీకాకుళం బ్రాంచి నుంచి పక్కనే ఉన్న విజయనగరం బ్రాంచికి చేసే కాల్ కూడా హైదరాబాద్ వెళ్లి తిరిగి రావాలి. ఫైల్ కాస్త లేటైనా పర్లేదు. మాట లేటైతే చెవికి తెలిసిపోతుంది. పైగా అందరి ట్రాఫిక్కూ హెడ్డాఫీసు లింకు మీదే పడుతుంది.

దీనికి సిస్కో చూపిన దారి డైనమిక్ మల్టీపాయింట్ వీపీఎన్, అంటే డీఎంవీపీఎన్. హెడ్డాఫీసు రూటర్ హబ్, బ్రాంచి రూటర్లు స్పోక్‌లు. ఎప్పుడూ ఉండేవి హబ్‌కీ స్పోక్‌లకీ మధ్య టన్నెల్స్ మాత్రమే. రెండు స్పోక్‌ల మధ్య టన్నెల్ అవసరం పడ్డప్పుడు పుడుతుంది, పని లేకపోతే కొంతసేపటికి పోతుంది.

ఇది జరగడానికి ముందు ఒకే ఇంటర్‌ఫేస్ మీద ఎంతమందితోనైనా టన్నెల్ కట్టగలగాలి. ఆ పని మల్టీపాయింట్ జీఆర్ఈది. తర్వాత, ఎవరి అడ్రస్ ఏమిటో తెలియాలి. అది 1998లో ఆర్ఎఫ్‌సీ 2332గా వచ్చిన ఎన్‌హెచ్‌ఆర్‌పీ పని. విజయనగరం రూటర్ ఆన్ అవగానే "టన్నెల్‌లో నా అడ్రస్ ఇది, బయట ఇంటర్నెట్‌లో ఇది" అని హబ్ దగ్గర రాయించుకుంటుంది. బయటి అడ్రస్ మారితే మళ్లీ రాయించుకుంటుంది. అందుకే బ్రాంచికి స్టాటిక్ ఐపీ అక్కర్లేదు.

ఇప్పుడు శ్రీకాకుళం నుంచి మొదటి ప్యాకెట్ హబ్‌కి వచ్చింది. ఫేజ్ 3లో హబ్ దాన్ని విజయనగరానికి పంపిస్తూనే, "దగ్గరి దారి ఉంది, కనుక్కో" అని శ్రీకాకుళానికి చెబుతుంది. శ్రీకాకుళం అడుగుతుంది, విజయనగరం తన అడ్రస్ చెబుతుంది, నేరుగా టన్నెల్ పడుతుంది. ఆ తర్వాత వాళ్ల మాటల మధ్య హబ్ ఉండదు.

జీఆర్ఈకి సొంతంగా తాళం లేదు. తాళం వేసేది ఐపీసెక్. ఇక్కడే జాగ్రత్తపడాలి. సులువుగా ఉంటుందని అన్ని రూటర్లకూ ఒకే ప్రీషేర్డ్ కీ ఇస్తే, ఏదో ఒక బ్రాంచిలో రూటర్ దొంగతనం జరిగిన రోజు మొత్తం నెట్‌వర్క్‌లో కీ మార్చాలి. సర్టిఫికెట్లు వాడితే ఆ ఒక్కదాన్నే రద్దు చేస్తే చాలు. ఇంకోటి, హబ్ పడిపోతే కొత్త టన్నెల్స్ పుట్టవు, ఉన్నవీ ఎక్కువసేపు నిలవవు. అందుకే ముఖ్యమైన చోట్ల రెండు హబ్‌లు పెడతారు.

ఇదంతా మన ల్యాబ్‌లోనే చూడొచ్చు. జీఎన్ఎస్3లో ఒక హబ్, రెండు స్పోక్‌లు పెట్టి ఫేజ్ 3 కాన్ఫిగర్ చేయండి. ఒక స్పోక్ నుంచి రెండో స్పోక్ వెనక ఉన్న నెట్‌వర్క్‌కి ట్రేస్‌రూట్ కొట్టండి. మొదటిసారి మధ్యలో హబ్ కనిపిస్తుంది. కాసేపాగి మళ్లీ కొట్టండి, కనిపించదు. అప్పుడు 'షో డీఎంవీపీఎన్' కమాండ్ ఇస్తే, హబ్ వరసలో ఎస్ అనీ, ఇప్పుడే పుట్టిన దారి వరసలో డీతో మొదలయ్యే గుర్తూ ఉంటాయి. ఎస్ అంటే మనం రాసింది. డీ అంటే రూటర్లు వాటంతట అవే అడిగి తెలుసుకున్నది.