రౌద్రమును సాధించిన యువకులు

వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి, ఏటేట రెండు బ్రహ్మోత్సవములు జరుగు ద్వారకాతిరుమలలో పెరిగినవారికి డోలు సన్నాయిల మంగళధ్వని పసినాటినుండియే అలవడును. కనుకనే కాబోలు, చెవికింపుగ నుండుటయే సంగీతమునకు పరమావధి యను భావము మనలో గాఢముగ పాతుకొన్నది. కాని మన గోదావరి సీమలోనే వీరభద్రుని సంబరములందు ఖడ్గములు చదువుచు, శరభ శరభ యని గర్జించుచు వీరంగము వేయువారిని కన్నులార చూచినవాడెవ్వడును రౌద్రమునకు కళలో చోటులేదని అనజాలడు. భరతముని దానిని ఎనిమిది రసములలో నొకటిగ నిలిపినాడు. నేటి ఆంగ్లదేశపు యువకులును, మనకు సమీపముననే హైదరాబాదు యువకులును విద్యుత్ గిటారులతో సాధించుచున్నది ఆ రసమునే యని నా నమ్మకము.

హెవీ మెటల్ అను ఈ సంగీతము పుట్టినది కర్మాగారముల నడుమ. బర్మింగ్‌హామ్ నగరమున లోహపు రేకుల పనిలోనుండిన టోనీ అయోమీ యను పదునేడేండ్ల యువకునకు, ఆ కొలువు విడువనున్న నాడే, యంత్రమున బడి కుడిచేతి నడిమివ్రేలి కొనయు, ఉంగరపువ్రేలి కొనయు తెగిపోయెను. అతనిది ఎడమచేతి వాటము గనుక తంత్రులను నొక్కవలసినది ఆ కుడిచేయియే. అతడు వాద్యమును విడువలేదు; ప్లాస్టిక్ సీసాను కరిగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, వానిపై తోలుముక్కలంటించి, గిటారునకు సన్నని తంత్రులు కట్టి, తరువాత వాని బిగువును కూడ సడలించెను. సడలిన తంత్రులు మంద్రముగ, గంభీరముగ మ్రోగినవి. 1968లో ఏర్పడి 1970లో తొలి ఆల్బమును వెలువరించిన అతని బ్లాక్ సబ్బాత్ బృందమునే లోకము హెవీ మెటల్ సంగీతమునకు మూలపురుషునిగ గౌరవించుచున్నది.

తరువాత అమెరికాలో హార్డ్‌కోర్ పంక్ అను మరియొక తీవ్రసంగీతము దీనితో కలియగా మెటల్‌కోర్ పుట్టినది. దాని ప్రాణము బ్రేక్‌డౌన్ అను ఘట్టమున నున్నది: అతివేగముగ సాగుచున్న పాట హఠాత్తుగ విలంబకాలమునకు దిగి, డ్రమ్ములును గిటారులును ఏకఘాతముగ పడుచుండగా, సభ యంతయు ఆ లయకు లోబడును. ఉక్కునకు పేరుపడిన షెఫీల్డు నగరమున 2004లో కౌమారము దాటీదాటని యువకులు స్థాపించిన బ్రింగ్ మీ ది హొరైజన్ బృందము ఈ మార్గముననే బయలుదేరినది. 2006 నాటి వారి తొలి ఆల్బమును పలువురు విమర్శకులు ఈసడించిరి. వారు 2008లో పద్ధతి మార్చిరి. 2013లో సెంపిటర్నల్ ఆల్బముతో కేకల సరసన రాగమునకు పెద్దపీట వేసిరి. 2016 ఏప్రిల్ 22న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలున, వయొలిన్లు మొదలగు వాద్యముల మహామేళము తోడుగ కచేరి చేసిరి. ఈసడింపునుండి ఆ సభామందిరమునకు చేరుటకు వారికి పదేండ్లు పట్టినది.

ఇది వట్టి అరపు గదా యని పెద్దలందురు. ఆ అరపునకును సాధన కలదు. ఎరుగక గొంతు చించుకొనువాడు వారము తిరుగకముందే మూగవోవును. ఎరిగిన గాయకుడు అసలు స్వరతంత్రులపై భారము మోపక, వానికి పైనున్న మడతలను కదలించి, పొత్తికడుపునుండి నిలువరించి విడుచు ఊపిరితో ఆ గర్జన పుట్టించును. మన పద్యనాటకములలో ఊపిరి బిగబట్టి రాగము తీసిన నటుల శ్రమ నెరిగిన పాఠకులకు ఈ శ్రమ సులువుగనే బోధపడును.

ఇక మనవారి మాట. హైదరాబాదున 2015లో గాడ్‌లెస్ అను డెత్ మెటల్ బృందము ఏర్పడెను. మెటల్‌కోర్‌కు ఇది దగ్గరి జ్ఞాతి, ఇంకను కఠినమైనది. ఆస్తికులగు పాఠకులు ‘దేవుడు లేని’ యను అర్థముగల ఆ పేరు చూచి చెవులు మూసికొనవలదని మనవి. ఈ బృందము 2016లో సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్, 2018లో స్వార్మ్ అను చిన్న సంపుటములను వెలువరించి, 2021లో గాని స్టేట్స్ ఆఫ్ కేయాస్ అను పూర్తి ఆల్బమునకు పూనుకొనలేదు. సినిమాపాట తప్ప వేరుపాటకు అంగడి లేని నగరమున, ఏండ్ల తరబడి ఇట్టి ఓర్పుతో పనిచేయుట నా దృష్టిలో గొప్ప సంగతి. వారు ఆంగ్లముననే పాడుట మాత్రము నాకు లోటుగ తోచును. ద్విత్వాక్షరములతో, మహాప్రాణములతో నిండిన మన భాష రౌద్రమునకు పుట్టినది కాదా!

ఈ దేశమున పెక్కు రాక్ బృందములకు ఆశ్రయమిచ్చినవి విద్యాలయముల ఉత్సవవేదికలు. తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినదియు గాడ్‌లెస్ ఏర్పడిన ఆ 2015లోనే. ఏలూరున కళాశాలలకు కొదువలేదు. వార్షికోత్సవమున సినిమాపాటల నడుమ ఒక్క అరగంట, గిటారు పట్టి స్వయముగ పాట కట్టుకొన్న మన పిల్లలకు ఇచ్చి, ఆ పాటను చివరివరకు వినవలసినదిగ అధ్యాపకులను, తల్లిదండ్రులను వేడుచున్నాను.