నీటిమీది పంక్తి

బాన్సువాడ పరిసరములలో పుట్టి పెరిగినవారికి ఓడ యనునది పాఠ్యపుస్తకములోని బొమ్మ. మంజీర వంటి యేఱు దాటుటకు పుట్టియో తెప్పయో చాలును. ఆ కొలది సేపులో ఆకలి వేయుటకైనను తీఱిక యుండదు. కాని నీటికి ఎల్లలు లేవు. 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము పొలములకు పంచిపెట్టగా మిగిలిన మంజీర, కందకుర్తి కడ గోదావరిలో కలియును. ఆ గోదావరియే భద్రాచలము దాటి, పాపికొండల నడుమ ఇరుకున దూరి, అచ్చట విహారనౌకలను మోయుచున్నది. సెలవుదినములలో తెలంగాణపు ఉపాధ్యాయులు తమ విద్యార్థులను వెంటబెట్టుకొని ఎక్కునవి ఆ నౌకలే. ఎక్కగానే ఉపాహారము, నడుమ తేనీరు, మధ్యాహ్నము భోజనము. అన్నియు టిక్కెట్టులోనే చేరియుండును. మేడమీద సినిమా పాటలు, వానికి తగిన నృత్యములు, ధ్వనివర్ధకము పట్టుకొని నవ్వించు ఒక వ్యాఖ్యాత.

నౌకలో ఏమి తిందురు, ప్రొద్దెట్లు పుచ్చుదురు అనునది చిల్లర ప్రశ్నవలె తోచును. ఎవరు వండిరి, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండి తినిరి అని అడిగినచో మాత్రము అది చిల్లర ప్రశ్న కాదు.

సముద్రయానమును కలివర్జ్యములలో చేర్చినవారి భయము ఉప్పునీటిని గూర్చి మాత్రమే యని తలపరాదు. అది వంటయింటిని గూర్చిన భయము కూడ. నడిసంద్రములో మడి ఎట్లు నిలుచును? 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ యెక్కిన మోహన్‌దాసు గాంధికి అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. కత్తితో, ముళ్లచెంచాతో తినుట తెలియదు. వడ్డించువానిని మాంసము లేని వంటకమేదని అడుగుటకు సిగ్గు. ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లు తినుచు తన గదిలోనే కాలము గడపెను. ఆత్మకథలో ఆయనయే ఈ సంగతి వ్రాసికొనెను. ఆయన ఓడ యెక్కకమునుపే కులమువారు ఆయనను వెలివేసియుండిరి.

తెలుగునాట కాలువ ప్రయాణములలోను నియమము ఇదియే. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప గోదావరి మండలమున కాలువలే రాజబాటలైనవి. పడవవారు గట్టుమీద నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. ప్రయాణికుడు తన మూట తాను విప్పుకొనెడివాడు. చింతపండు పులుసు పట్టిన అన్నము ఎండకు చెడదు. పెరుగన్నము మొదటి పూటకే చెల్లవలెను. ఆ తరువాత అటుకులే దిక్కు. మూట యయిపోయినవారు పడవ ఆగినచోట గట్టుమీద మూడు రాళ్లు చేర్చి వండుకొనెడివారు. ఒకరి పొయ్యి సెగ మఱియొకరి పొయ్యికి తగులునంత దగ్గఱలోనే ఎవరి కుండ వారిది. కాలక్షేపమునకు మాత్రము అంటు లేదు. రాత్రి పడవలో ఒకడు పదమెత్తుకొన్నచో వినని చెవి యుండదు.

ఈ కట్టు తెగినది విద్యావంతుల సంస్కరణసభలలో కాదు, కూలీల యోడలలో. 1860 అక్టోబరులో మద్రాసు విడిచిన ట్రూరో అను ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవు చేరెను. అందు వచ్చినవారు 342 మంది. తెలుగువారును తమిళులును చెఱకుతోటలలో కొన్నేండ్లు పని చేయుటకు ఒప్పందము వ్రాసి యిచ్చినవారు. ఇట్టి యోడలలో తిండిని ప్రభుత్వ నిబంధనలు తూచి నిర్ణయించెను. మనిషికి ఇంత బియ్యము, ఇంత పప్పు; నేయి, ఉప్పు, పసుపు, చింతపండు, మిరప; కొన్ని దినములు ఎండుచేప. కొలతలో చూపిన దయ లెక్కల దయ మాత్రమే. బ్రతికి చేరిన కూలియే తోటదొరకు పనికివచ్చును గదా! వంటవారిని కూలీలనుండియే ఏఱుకొనెడివారు. సాధ్యమైనంతవఱకు పెద్దకులముగా ఎంచబడువారినే నియమించుట అధికారుల యుక్తి, వారి చేతివంటను ఎవరును కాదనజాలరు కనుక. అయినను పొయ్యి ఒకటే, కాగు ఒకటే, వరుస ఒకటే. మొదటి దినములలో పస్తుండినవారు సయితము కొన్నాళ్లకు పళ్లెము చాచక తప్పలేదు.

ఆ యోడలలో ఆటపాటలు కూడ వైద్యవిధిలో ఒక భాగమై యుండెను. దిగులుపడిన మనిషి రోగమునకు త్వరగా లొంగునని ఓడ వైద్యులకు అనుభవము నేర్పినది. అందుచేత సాయంకాలములందు డప్పును, పాటను, కుస్తీని అనుమతించుటయే కాక ప్రోత్సహించెడివారు. దీనిని వినోదమనుట కష్టము. కాని ఫిజీ, గయానా, సురినాము దేశములందు ‘జహాజీ భాయి’ అను పిలుపు ఇట్టి సాయంకాలములనుండియే పుట్టినది. ఓడలో తోడుగా వచ్చినవాడు తోబుట్టువుతో సమానము. అట్టివారి బిడ్డల నడుమ పెండ్లి సంబంధము కలుపుకొనుటకు సయితము వెనుదీసెడివారు. ఫిజీకి మద్రాసునుండి మొదటి ఓడ 1903లో వెళ్లెను. ఆ ప్రయాణముల దుఃఖమును తక్కువచేసి చెప్పుట పాపము. అయినను శతాబ్దముల ఉపదేశము చేయలేని సహపంక్తిని ఒక యినుపకాగు చేయించినదన్న మాట మఱువదగినది కాదు.

బర్మా ప్రయాణము వేఱు రకము. కోరంగి రేవు పేరే అచ్చటి తెలుగువారికి పేరై, ‘కోరంగీలు’ అని పిలువబడిరి. కాకినాడనుండి, విశాఖపట్టణమునుండి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలలో వారు రంగూను వెళ్లెడివారు. డెక్కుమీద చాప పఱచునంత చోటు, తలక్రింద మూట, మూటలో తిండి. మద్రాసు సింగపూరుల నడుమ 1926నుండి 1973 వఱకు తిరిగిన రజుల అను ఓడకు తొలినాళ్లలో ఐదువేలమందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనుటకు అనుమతి యుండెనన్నచో ఆ క్రిక్కిఱిత ఊహింపవచ్చును. అదే ఓడలో పైయంతస్తున తెల్లని బల్లగుడ్డలు, వేళకు గంట, వరుసగా వచ్చు వంటకములు. క్రిందివాని ముక్కునకు పైవాని వంట వాసన తగులును. పైవాని చెవికి క్రిందివాని పాట వినబడును. ఇచ్చిపుచ్చుకొనుట అంతమాత్రమే.

పాశ్చాత్యులకు సయితము ఓడభోజనము మొదటినుండి భోగము కాదు. 1840లో అట్లాంటిక్ దాటిన బ్రిటానియా నౌకలో పాలకొఱకు ఒక ఆవును కట్టివేసి తీసికొనిపోయిరి! 1891లో జర్మనుల ఆగస్టా విక్టోరియా నౌక మధ్యధరా సముద్రమున విహరించుటతో, ఒక చోటు చేరుటకు కాక ఓడలో నుండుటకే ఓడ యెక్కు వాడుక బలపడినది. 1958లో జెట్ విమానములు అట్లాంటిక్ దాట నారంభించిన పిదప ఓడకు గమ్యము పోయినది. గమ్యము పోయిన ప్రయాణమునకు తిండియు ఆటయు తప్ప మిగులునదేమి? డెక్కుమీద బిళ్లలు నెట్టు ఆటలతో, ఒకే వేళకు అందఱు కూర్చుండు విందులతో మొదలై, 2024లో బయలుదేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ నాటికి ఓడలోనే జలక్రీడావనములు, మంచుమీద జాఱు రంగస్థలము, పదుల సంఖ్యలో భోజనశాలలు వెలసినవి. ఏడువేలమందికి పైగా పట్టు ఆ యోడలో సముద్రమును చూడకయే వారము గడపవచ్చును.

తెలుగుతీరమునకు ఈ రుచి 2022 జూన్‌లో అందినది. 1990లో కట్టిన ఎంప్రెస్ అను ఓడ కార్డీలియా సంస్థ పేర విశాఖపట్టణమునుండి చెన్నై దిశగా విహారయాత్రలు సాగించెను. శాకాహారులకు, జైనులకు వేఱువేఱు వంట. సంగీతము, నాట్యము, జూదశాల. ఇచ్చట ఒక చిత్రమున్నది. నాడు కులము విడదీసిన పంక్తిని కూలీల కాగు కలిపినది. నేడు కోరికయు, డబ్బుసంచియు మరల విడదీయుచున్నవి. అందఱకు చేరిన భోజనశాల ఒకటి. అదనముగా చెల్లించినవారికి వేఱొకటి. గాంధిగారు ఈ యోడ నెక్కియుండినచో ఆకలితో నుండరు. కాని ప్రక్కవానితో మాటాడవలసిన యవసరమును వారికి కలుగదు.

మరల గోదావరికి రావలెను. రాజమహేంద్రవరము భద్రాచలముల నడుమ తిరిగిన పాత లాంచీ ప్రయాణమును కథగా చేసికొని బాపు రమణలు 1973లో ‘అందాల రాముడు’ తీసిరి. అదే దారిని 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ చిత్రమునకు తీసికొనెను. ఉపాధ్యాయులు ఈ రెండింటిని ఒకదాని వెంట నొకటి తరగతికి చూపినచో, ముప్పదిమూడేండ్లలో లాంచీ ఎట్లు విహారనౌకగా మాఱినదో విద్యార్థులే వ్యాసము వ్రాయగలరు. లాంచీ ఊరూర ఆగెడిది. ఎక్కువారు, దిగువారు, బుట్టలు, కోళ్లు. సరంగుకు ప్రతి రేవును తెలియును. విహారనౌకకు ఆగుటకు చోట్లు కొన్నియే. పేరంటాలపల్లి ఆశ్రమము కడ ఆగును. ఆ తావులందు కొండరెడ్లు వెదురుబొంగులలో కాల్చిన కోడికూర అమ్ముదురు. నౌకలోని భోజనము నగరపు రుచి. ఈ బొంగుకూర యొక్కటే నదీతీరపు రుచి. పోలవరము పనుల మూలమున నౌక ఎక్కు చోటు ఎగువకు జరిగి గండిపోచమ్మ ఆలయము కడకు చేరినది.

2019 సెప్టెంబరు 15న, ఆదివారము, గోదావరి వరదమీద నుండగా, మధ్యాహ్న భోజనవేళ సమీపించుచుండగా, కచ్చులూరు కడ ఒక విహారనౌక మునిగెను. అందున్న 77 మందిలో బ్రతికి బయటపడినవారు 26 మంది. చాలమంది తెలంగాణమునుండి వెళ్లినవారే. నౌకను పైకి తీయుటకు అక్టోబరు 22 వఱకు పట్టినది. ఆ పిమ్మట రెండేండ్లకు పైగా నిలిచిపోయిన యాత్రలు 2021 నవంబరులో మరల మొదలైనవి. నీటి మట్టము హెచ్చినచో యాత్ర నాపుట, ప్రాణరక్షక కవచము తొడిగించుట నేడు నియమములు. పాట పెద్దదై, భోజనపు పిలుపు వినవచ్చునప్పుడు ఆ కవచము ఉక్కగా తోచును. విప్పి ప్రక్కన పెట్టబుద్ధి పుట్టును. పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులకు నౌకలో తక్కిన పను లేమియు లేకున్నను ఈ పని యున్నది: తినునప్పుడు సయితము దానిని విప్పనీయకుండుట. వంటకములలో వంక వెదకుట తరువాత చేయవచ్చును.

టిక్కెట్టులో భోజనము చేరియున్నదని తెలిసియు తెలంగాణపు తల్లులు ప్రయాణమునకు మూట కట్టక మానరు. సకినాలు, సర్వప్ప, ఒక సీసాలో మామిడి తొక్కు. మధ్యాహ్నపు వడ్డన ముగిసి, ధ్వనివర్ధకము గొంతు కొంత తగ్గిన వేళ, నౌక తిరుగుదారి పట్టగా ఆ మూటలు విప్పబడును. ఒకరి డబ్బాలోనికి ఇంకొకరి చేయి పోవును. కొండలు రెండు ప్రక్కల వెనుకకు జరుగుచుండగా, ఎవరో ఒకరు ఆ నీటిలో మన మంజీర ఏదని అడుగుదురు.