ప్రతి విద్యార్థికీ కంప్యూటర్: పరికరం ఇచ్చేది ఒకరు, తీగ వేసేది మరొకరు

న్యూఢిల్లీ: దేశ రాజధానిలోని అశోకా రోడ్‌లో 1వ నంబరు ఆవరణ ఆంధ్రప్రదేశ్ భవన్. అదే రోడ్డులో విండ్సర్ ప్లేస్ దాటి ముందుకు వెళ్తే 20వ నంబరులో కేంద్ర టెలికాం శాఖ కార్యాలయమైన సంచార్ భవన్ ఉంటుంది. బడి పిల్లల చేతికి కంప్యూటర్ ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం. ఆ పిల్లలు చదివే పల్లె బడికి బ్రాడ్‌బ్యాండ్ తీసుకువెళ్లే భారత్‌నెట్ పథకం టెలికాం శాఖది. ఈ రెండూ ఒకేసారి బడికి చేరకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు తెలుగు నేలపై జరిగిన ప్రయోగమే చక్కని ఉదాహరణ.

అమ్మఒడి పథకం కింద ఇచ్చే నగదుకు బదులుగా, కోరుకున్న 9 నుంచి 12 తరగతుల విద్యార్థులకు ల్యాప్‌టాప్ ఇస్తామని 2021 జనవరిలో నెల్లూరు సభలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి ప్రకటించారు. ఆ ప్రతిపాదన కార్యరూపం దాల్చలేదు. దాని స్థానంలో ట్యాబ్ వచ్చింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ ప్రారంభమైంది. 8వ తరగతి విద్యార్థులు 4,59,564 మందికి, ఉపాధ్యాయులు 59,176 మందికి కలిపి 5,18,740 ట్యాబ్‌లు ఇస్తున్నట్లు, వాటి విలువ రూ.686 కోట్లని ప్రభుత్వం తెలిపింది. అంటే ఒక్కొక్కటి సుమారు రూ.13,200. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడతగా మరో 4.34 లక్షల ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది.

ఈ పథకం రూపకర్తలు ఒక వాస్తవాన్ని ముందే గుర్తించారు. మన్యం ప్రాంతంలోని బడిలో, ఇంట్లో ఇంటర్నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు. అందువల్ల పాఠాలను ట్యాబ్‌లో ముందే నిక్షిప్తం చేసి, నెట్ లేకున్నా చూసుకునే వీలు కల్పించారు. చదువుకు సంబంధం లేనివి తెరుచుకోకుండా నియంత్రణ సాఫ్ట్‌వేర్ అమర్చారు. 8వ తరగతిలో అందుకున్న ట్యాబ్ 10వ తరగతి వరకూ విద్యార్థి దగ్గరే ఉండేలా ఏర్పాటు చేశారు. పాఠాలను బైజూస్ సంస్థ ఉచితంగా అందించేలా 2022 జూన్‌లోనే ఒప్పందం కుదిరింది.

చిక్కు ఇక్కడే ఉంది. తొలి విడత పిల్లలు 10వ తరగతిలో అడుగుపెట్టిన 2024లోనే, జులై నెలలో, బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ బెంగళూరు ధర్మాసనం అనుమతించింది. అంతకు నెల ముందే రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ట్యాబ్‌లో నింపిన పాఠం సంస్థ మూతపడినా చెరిగిపోదు, నిజమే. కానీ పాఠ్యపుస్తకం మారితే దాన్ని సరిదిద్దేదెవరు? బ్యాటరీ చెడితే, తెర పగిలితే రైతుకూలీ ఇంటి బిడ్డ ఎవరి దగ్గరకు వెళ్లాలి? పంపిణీ సభల్లో ఈ ప్రశ్నలకు సాధారణంగా చోటుండదు.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. అమెరికాకు చెందిన నికొలస్ నెగ్రోపాంటే 2005లో వంద డాలర్ల ల్యాప్‌టాప్ ఆలోచనను ప్రపంచం ముందుంచినప్పుడు భారత్ చేరలేదు. తరగతి గదులు, ఉపాధ్యాయులే ముందు కావాలని 2006లో కేంద్ర మానవ వనరుల శాఖ దాన్ని తిరస్కరించింది. పెరూ చేరింది. అక్కడి 319 గ్రామీణ బడులపై ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. గణితం, భాషల్లో మార్కులు పెరిగినట్లు అందులో తేలలేదు. తార్కిక శక్తిని కొలిచే పరీక్షల్లో మాత్రం కొంత మెరుగుదల కనిపించింది. ఆ బడుల్లో చాలావాటికి ఇంటర్నెట్ లేదు. 2007లో మొదలైన ఉరుగ్వే పథకంలోనూ మార్కులు పెరిగిన దాఖలాలు లేవు. అయితే ఆ దేశం పరికరంతో పాటు బడికి నెట్, మరమ్మతు, దూరవిద్య ద్వారా ఇంగ్లిష్ బోధన వంటి పనులన్నింటినీ ఒకే సంస్థకు అప్పగించింది. ఆ పథకం నేటికీ నడుస్తోంది.

అలాంటి ఏక బాధ్యత మన దగ్గర లేదు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ ట్యాబ్ కేంద్రం ఇచ్చిన పరికరం. ధర చౌకే గానీ పనితీరుపై విమర్శలు వెల్లువెత్తి, పథకం కొన్నేళ్లకే అటకెక్కింది. బడికి తీగ వేసే పని మాత్రం నెమ్మదిగానైనా సాగుతోంది. యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు 2023-24లో 53.9 శాతం కాగా, 2024-25లో 63.5 శాతానికి చేరాయి. గ్రామాల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలన్నింటికీ భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

ఆ ప్రకటన వెలువడే నాటికి యడ్లపల్లిలో తొలి ట్యాబ్‌లు అందుకున్న తరం 10వ తరగతి పరీక్షలకు సిద్ధమవుతోంది. చింతపల్లి విడత పిల్లలు 2025-26లో 10వ తరగతికి చేరారు.