తడి ఆరేలోగా పూయాలి!

చెట్టన్నది కనిపించని మైదానం. ఎటు చూసినా నడుమెత్తు బూడిదరంగు పొదలు. మంచు ఇంకా పూర్తిగా కరగనేలేదు. అప్పుడే పొదల మధ్య, నేలకు అంటుకున్నట్లు పసుపుపచ్చని పూలు! అమెరికా పశ్చిమ ప్రాంతంలోని వాషింగ్టన్, ఓరెగాన్, ఐడహో రాష్ట్రాలలో మార్చి నెలలో ఈ వింత చూడవచ్చు.

ఆ పొద పేరు సేజ్‌బ్రష్. వినాయకచవితి పత్రిలో వాడే మాచిపత్రికి ఇది చుట్టమే. రెండూ ఆర్టిమీసియా ప్రజాతికి చెందినవి. ఆకు నలిపితే రెండూ ఘాటైన వాసన వేస్తాయి.

వాన ఎందుకు తక్కువ?

పసిఫిక్ సముద్రం మీది తేమగాలులకు కాస్కేడ్ పర్వతాలు అడ్డు నిలుస్తాయి. గాలి పైకి లేచి చల్లబడుతుంది. తేమలో ఎక్కువ భాగం పడమటి వాలులోనే వానగా, మంచుగా కురిసిపోతుంది. తూర్పుకు దిగేది పొడిగాలి. అందుకే అక్కడ చాలాచోట్ల ఏడాదికి 30 సెంటీమీటర్ల వర్షం కూడా పడదు. పడేదీ ఎక్కువగా చలికాలంలోనే.

ఈ పూలకు అంత తొందర ఎందుకో ఇప్పుడు తెలిసింది కదూ? మంచు కరిగిన తడి ఆరేలోగా పూయాలి, కాయాలి, విత్తనం రాల్చాలి. ఆకులు ఎదిగి ఆహారం తయారుచేసేదాకా ఆగితే వేసవి వచ్చేస్తుంది. కాబట్టి కిందటి వసంతంలో సంపాదించినదాన్ని నేల అడుగున దాచుకుంటాయి. బటర్‌కప్ మొక్క బలిసిన వేళ్లలో దాచుకుంటే, ఎల్లోబెల్ చిన్న దుంపలో దాచుకుంటుంది. గంటలా తలవంచి వేలాడే ఎల్లోబెల్ పువ్వు ముదిరేకొద్దీ నారింజరంగుకు తిరుగుతుంది.

చచ్చి బ్రతికిన మొక్క

కాస్త ఆలస్యంగా పూసే బిటర్‌రూట్ మరీ మొండిది. 1806లో మెరివెదర్ లూయిస్ అనే అన్వేషకుడు దీన్ని సేకరించాడు. ఎండబెట్టిన ఆ మొక్క వేళ్లను తర్వాత ఫిలడెల్ఫియాలో నాటితే చిగుళ్లు వేశాయి! అందుకే దానికి లూయిసియా రెడివైవా అని శాస్త్రీయనామం పెట్టారు. రెడివైవా అంటే మళ్లీ బ్రతికినది.

ఇంత గట్టి మొక్కలకూ ఒక శత్రువు ఉంది. 19వ శతాబ్దంలో బయటి ఖండాల నుంచి వచ్చిన చీట్‌గ్రాస్ అనే గడ్డి అది. శరత్కాలంలోనే మొలిచి, పూలకు కావలసిన వసంతపు తడిని ముందే తాగేస్తుంది. వేసవి మొదట్లోనే ఎండి, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. దుంపలు నేలలో ఉంటాయి గనుక మంటను తట్టుకోగలవు. సేజ్‌బ్రష్ అలా కాదు. కాలితే మోడు నుంచి చిగురించదు, విత్తనం నుంచి రావలసిందే. అది ఎదిగేలోగా గడ్డి మళ్లీ అల్లుకుంటుంది, మళ్లీ మంట.

అందుకే కాలిన నేలల్లో సేజ్‌బ్రష్ విత్తనాలు చల్లుతున్నారు. ఎండను, మంచును గెలిచిన మొక్కలకు ఇప్పుడు మనిషి తోడు అవసరమైంది. ఆ గడ్డిని అక్కడికి చేర్చిందీ మనిషే మరి!